పాతిక చెప్పి తొమ్మిదికిచ్చిన అవార్డు

పాతిక వేలు చెప్పిన అవార్డుని తొమ్మిది వేలకి తెచ్చిన మనిషిని అనకాపల్లి మొత్తం మీద నేనొక్కదాన్నే. ఇంకెవరైనా ఉంటే రమ్మనండి, వాళ్ళ కాళ్ళ దగ్గర కూర్చుని నేర్చుకుంటాను. స్టీలు బిందె మీద పది రూపాయలు ఎవరైనా తగ్గిస్తారు. ఎక్కడో ఢిల్లీలో కూర్చున్నవాడి చేత, మొహం చూడకుండా, ఫోన్లో, సగం వచ్చీ సగం రాని హిందీలో, ఒక అంతర్జాతీయ తత్వశాస్త్ర పురస్కారం మీద పదహారు వేలు దింపించడమంటే మాటలు కాదు.

నా జన్మలో చేసిన పనులన్నిట్లోకీ తెలివితక్కువ పని కూడా అదే. ఆ మాటా ఇప్పుడే చెప్పేస్తే నాకు తేలిగ్గా ఉంటుంది.

రెండు వేల సంవత్సరం దాటి నాలుగైదేళ్ళయిన రోజులు. మా ఆయనకొచ్చే కవర్లు నేనే విప్పేదాన్ని. ఆయనకి వదిలేస్తే కరెంటు బిల్లుతో సహా అన్నీ పుస్తకాల మధ్య గుర్తుకాగితాలైపోతాయి. ఆ కవరు నున్నగా ఉంది, లోపల కాగితం మీద బంగారు రంగు అక్షరాలు. నా ఇంగ్లీషు ఇంటర్ దగ్గర ఆగిపోయింది గానీ అంకెలు ఏ భాషలో ఉన్నా చదవగలను. తత్వశాస్త్రంలో మీ కృషికి మిమ్మల్ని ఎంపిక చేశాం, పెద్ద హోటల్లో సభ, రిజిస్ట్రేషన్ పాతిక వేలు. ఆ కాగితం మడిచి జాకెట్లో దోపుకుని మా అన్నయ్య కొట్టుకి నడిచేను.

మాది పాత్రల కొట్టు. మా నాన్న పెట్టింది, తర్వాత అన్నయ్య చేతికొచ్చింది. చీడికాడ నుంచీ నాతవరం నుంచీ పెళ్ళి సామానుకొచ్చే జనం మధ్యనే నేను పెరిగేను. పాత ఇత్తడి తూకం వేసి, అతుకు వేసిన చోటికి తరుగు తియ్యడం నాకు పదేళ్ళకే వచ్చు. అందుకని ఫోను పట్టుకుంటే నాకు భయం వెయ్యలేదు. కాగితం మీదున్న ఢిల్లీ నంబరుకి చేసి, కొట్టు నంబరిచ్చి, "మీరే చెయ్యండి, ఇటునుంచి లైను నిలవట్లేదు" అన్నాను. వాడు చేసేడు.

"పాతికలో ఏమేం వస్తాయి?" అన్నాను.

వాడు వరసగా చదివేడు. షీల్డు, ప్రశంసాపత్రం, శాలువా, పూలదండ, రెండు రోజులకి గది, విందు, వీడియో.

"మేం రాం. గది తీసెయ్."

"అలా విడిగా ఇవ్వం మేడమ్. మొత్తం సెట్టు."

"తినని విందుకి డబ్బులేటి? తీసెయ్. దండ పార్సిల్లో వాడిపోతుంది, తీసెయ్. మనిషే లేకపోతే వీడియో ఎవర్ని తీస్తావు? అదీ తీసెయ్."

పక్కన అన్నయ్య తువ్వాలు నోటికడ్డం పెట్టుకుని ఊగిపోతున్నాడు. "ఏటే చెల్లీ, శాలువా కూడా తీసెయ్యమను, మన కొట్టు దులపడానికి గుడ్డలున్నాయిగా" అంటాడు.

"మరైతే వద్దులే, ఉంటాను" అని పెట్టేసేను. ఆ మాట దగ్గరే బేరం తెగుతుంది. మర్నాడు వాడే చేసి పదిహేనన్నాడు. ఇంకో రెండ్రోజులకి తొమ్మిదన్నాడు, పార్సిలు ఖర్చు మాత్రం మీదేనన్నాడు. దానిమీద ఎంత లాగినా దిగలేదు. డ్రాఫ్టు తీసి పంపేను. మా ఆయనకి ఒక్క ముక్క చెప్పలేదు.

ఎందుకు చేసేనంటే చెప్తాను. మా ఆయన కాలేజీలో తత్వశాస్త్రం చెప్పి రిటైరయ్యేరు. ఒక చేత్తో బౌద్ధం, ఇంకో చేత్తో ట్రాన్స్‌పర్సనల్ సైకాలజీ అనే కొత్త శాస్త్రం పట్టుకుని ముప్ఫై ఏళ్ళు కూర్చున్నారు. నాకర్థమైనంతలో సంగతిది. ధ్యానంలోనో, పెద్ద దుఃఖంలోనో ఒక్కోసారి మనిషికి నేను అనే గోడ పడిపోయినట్టుంటుందట. ఆ శాస్త్రం వాళ్ళలో చాలామంది దాన్ని చిన్న నేనుని దాటి పెద్ద నేనులోకి వెళ్ళడం అంటారు. మా ఆయన అక్కడే పట్టుకుంటారు. చిన్నదీ లేదు పెద్దదీ లేదు, దాటేవాడెవడో ముందు చూపించండి అంటారు. బుద్ధుడు చెప్పింది అదేనంటారు. ఈ ఒక్క మాటనే ముప్ఫై ఏళ్ళలో ఏడు వ్యాసాలు రాసేరు. అచ్చయినవన్నీ పేరిస్తే కేరియర్లో ఒక గిన్నె ఎత్తు రావు.

ఊళ్ళో వాళ్ళకి సైకాలజీ అన్న ముక్క ఒక్కటే వినబడింది. దాంతో ఈయన్ని మనసు డాక్టరు చేసేరు. సముద్రం వైపు నుంచి మాకు చేపలు తెచ్చే ఆవిడ ఒకరోజు అరుగు మీద తట్ట దించి, "అమ్మా, అయ్యగోరు మనసు రోగాలకి మందిత్తారంట గదా. మా కోడలు ఊరికే ఇరుసుకు పడిపోతంది. ఏటైనా రాసిమ్మను" అంది.

"ఆయన మందులివ్వరే. నేను అనేది లేదని పుస్తకాలు రాస్తారు."

"నేను నేదా?" ఆవిడ తట్ట వైపు చూసింది. "మరయితే పొద్దున్నుంచీ ఈ సేపలెవులు మోత్తన్నారమ్మా?"

గదిలోంచి ఈయన పరిగెత్తుకొచ్చేరు. "అదీ ప్రశ్న! కాలేజీలో ఒక్కడూ అడగలేదు" అని ఆవిణ్ణి కూర్చోబెట్టి అరగంట మాట్లాడేరు. అయ్యేక ఆవిడ నాతో మెల్లిగా, "పాపం, మంచోరేనమ్మా. ఆకుపసరు తలకి రాయి" అని చెప్పి, ఆ రోజు చేపల మీద నేనడక్కుండానే ఐదు రూపాయలు తగ్గించింది. నా మొగుడి మీద జాలితో రేటు దిగడం నాకు అంతకుముందు తెలీదు. ఆ ఐదు రూపాయలు తీసుకోలేదు నేను.

అన్నయ్య కొట్టు సంగతి ఇంకోటి. గల్లా వెనక గోడకి మూడు షీల్డులుంటాయి, కుక్కర్లు ఎక్కువ అమ్మినందుకు కంపెనీ వాళ్ళిచ్చినవి. ఒకసారి ఈయనా నేనూ అక్కడుండగా నాతవరం ఆసామి ఒకాయన, "ఆరెవరండీ?" అని అడిగేడు.

"మా బావ" అన్నాడు అన్నయ్య. "పెద్ద చదువే. బుద్ధుడి మీద ఏదో రాత్తారు. సేల్సు లేదు."

ఈయన కూడా నవ్వేరు. నాకు నవ్వు రాలేదు. కుక్కర్లమ్మినవాడికి మూడు, ముప్ఫై ఏళ్ళు రాసిన మనిషికి ఒక్కటీ లేదు. బంగారు అక్షరాల కాగితం ఆ తర్వాత వారానికొచ్చింది. అదీ కారణం.

పార్సిలు వచ్చేక నేను కొంగుతో తుడిచి ఆయన ముందు పెట్టేను. మోకాళ్ళ నొప్పులని తెలిసి ఇంటికే పంపేరని చెప్పేను. ఆయన కళ్ళజోడు తుడుచుకుని ప్రశంసాపత్రం మూడుసార్లు చదివేరు. "నా పని వీళ్ళకెలా తెలిసిందే?" అన్నారు.

"తెలియకేం. మంచి సరుకు దాగుతుందా?" అన్నాను. కొట్టువాళ్ళ పిల్లలకి అలాంటప్పుడు గొంతు వణకదు.

ఆయన రాతబల్లకి ఎదురుగా గోడకి మేకు కొట్టేరు. బల్ల కూడా ఓ జానెడు జరుపుకున్నారు, తలెత్తితే కనబడేలా. అన్నయ్య చూడ్డానికొచ్చి, ఈయన అటు తిరగ్గానే గోరుతో గీకేడు. "పూత. లోపల అట్ట" అన్నాడు. "ఊరుకో" అన్నాను. నిజం చెప్పాలంటే తొమ్మిది వేలకి గిట్టుబాటైందనే అనుకున్నాను. రెండేళ్ళుగా రాయడం మానేసిన మనిషి మళ్ళీ పొద్దున్నే లేచి కలం పట్టుకున్నారు. రోజూ గెడ్డం గీసుకున్నారు. అలా నాలుగు నెలలు గడిచేయి.

అప్పుడొచ్చింది అసలు ఉత్తరం. పల్చటి తెల్ల కాగితం, చేత్తో రాసింది. అది చూసి ఇది దొంగది అనుకున్నాను. బంగారు అక్షరాల్లేవు, రుసుము లేదు, హోటలు లేదు. రాసినాయన గుంటూరు వైపు మనిషి, ఉత్తరాదిన ఒక యూనివర్సిటీలో తత్వశాస్త్రం ప్రొఫెసరు. లైబ్రరీలో ఒక పాత పత్రికలో ఈయన వ్యాసం దొరికిందట. మూడేళ్ళుగా విద్యార్థులకి పాఠంగా చెప్తున్నాడట. ఇప్పుడు వాళ్ళ పత్రిక ఒక సంచిక మొత్తం ఈయన ఆలోచన మీదే వేస్తుందట. ముగ్గురు పండితులు ప్రశ్నలు వేస్తూ రాస్తారు, ఈయన జవాబు రాయాలి, ఒక పేజీ జీవిత వివరాలు పంపాలి.

ఈయన ఉత్తరం మళ్ళీ మొదటి నుంచి చదువుతూ కూర్చున్నారు. నేను మాత్రం కూరగాయలకని చెప్పి ఎస్టీడీ బూతుకి వెళ్ళేను. రేటేదో ముందే తేల్చుకుంటే మంచిదని.

"సార్, అనకాపల్లి నుంచి, ఆయన భార్యని. ఈ సంచిక సంగతి. ఎంత?"

"ఎంత అంటే... ఏమండీ?"

"అదే సార్, మొహమాటం వద్దు. ఒక మాట చెప్పేయండి, తర్వాత చూసుకుందాం."

"అమ్మా, తప్పుగా అనుకోకండి." ఆయన గొంతు చిన్నదైపోయింది. "మా పత్రిక దగ్గర డబ్బుల్లేవండీ. ఇరవై ప్రతులు పంపగలం. పెద్దాయనకి అంతకన్నా ఇవ్వాల్సిందే, నాకూ తెలుసు. మహా అయితే ఇరవై అయిదు చేస్తాను."

నా జీవితంలో మొదటిసారి అవతలివాడు తనంతట తనే పెంచుతున్నాడు. "ఇరవై చాలండి" అని పెట్టేసి, బూతులో స్టూలు మీద కూర్చుండిపోయేను. బూతువాడు మంచినీళ్ళిమ్మంటారా అన్నాడు. ఇవతల మనం డబ్బివ్వబోతే అవతలాయన ఇవ్వలేకపోతున్నందుకు సిగ్గుపడుతున్నాడు. అలాంటి చోట గోడ మీది అట్టముక్క ఎలా కనబడుతుందో నాకు అప్పుడు తట్టింది.

రెండోనాడు ఈయన జీవిత వివరాలు రాసి, టైపు చేయించుకు రమ్మని నా చేతికిచ్చేరు. డీటీపీ సెంటర్లో కుర్చీ మీద కూర్చుని చదివేను. చదువు, ఉద్యోగం, వ్యాసాలు. అన్నిటికన్నా కింద, పురస్కారాలు: ఒకటి. ఆ సంస్థ పేరు పూర్తిగా, గుండ్రటి అక్షరాలతో రాసుకున్నారు. రాసేక కొట్టేసి, మళ్ళీ రాసినట్టుంది.

ఆ పత్రిక చదివేవాళ్ళందరికీ అలాంటి బంగారు కాగితాలు వచ్చే ఉంటాయి. ఆ వరస అచ్చయితే, ముప్ఫై ఏళ్ళ పని కింద, కొనుక్కున్నాడు అని రాసిపెట్టినట్టే. ముప్ఫై ఏళ్ళకి ఒక్కసారి ఎవరో నిజంగా చదివి పిలిచేరు. దాన్ని నా చేత్తో నేనే చెడగొడుతున్నాను.

"ఆ ఆఖరి లైను తీసెయ్యి" అన్నాను టైపు చేసేవాడితో. చూసేరా, అప్పుడు కూడా నాకు తీసెయ్యడమే వచ్చింది.

ఇంటికి తెచ్చేసరికి ఆయన కాగితం పైనుంచి కిందికి చదివి, తిప్పి వెనకవైపు కూడా చూసేరు. "ఒక వరస పోయినట్టుందే?"

కరెంటు పోయిందనో, వాడు మర్చిపోయేడనో చెప్పడానికి నాలుగైదు అబద్ధాలు నోటి దాకా వచ్చేయి. ఆయన మొహం చూస్తే ఒక్కటీ బయటికి రాలేదు. బల్ల పక్కన కింద కూర్చుని మొత్తం చెప్పేసేను. కాగితం రావడం, ఫోను, గది తీసెయ్యడం, దండ తీసెయ్యడం, తొమ్మిది వేలు.

ఆయన గోడ వైపు చూడలేదు. "నా పేరు వాళ్ళకెలా తెలిసింది మరి?"

"కాలేజీల నుంచి లిస్టులు తీసుకుంటారంట. బీమా ఏజెంట్లు తీసుకున్నట్టు."

"అంటే ఒక్క వ్యాసమూ చదవలేదు."

"లేదు."

చెప్పులేసుకుని వెళ్ళిపోయేరు. పొద్దున్న పదకొండింటికి. ఒంటిగంటకి రాలేదు. రెండింటికి అన్నయ్యకి కబురంపితే వాడు స్కూటరు మీద రైల్వేస్టేషనూ, కాలేజీ గ్రౌండూ చూసొచ్చేడు. "బావ ఎక్కడికీ పోరే, టికెట్టు కొనడం కూడా రాదు ఆయనకి" అన్నాడు గానీ వాడి మొహం కూడా బాగోలేదు. నన్ను ఒక్క మాట అనలేదు వాడు. అనుంటే బాగుండేది.

నాలుగింటికి వచ్చేరు. మోకాళ్ళ దాకా ఎర్రమట్టి. పాత బౌద్ధ గుహలున్న శంకరం కొండ దాకా నడిచి వెళ్ళి, అక్కడ రాతిమెట్ల మీద కూర్చున్నారట. కాళ్ళు కడుక్కుని, "ఆ ప్రొఫెసరుకి వద్దని రాసేద్దామనుకున్నాను" అన్నారు.

"రాసేసేరా?"

"లేదు. అక్కడ కూర్చుంటే ఇంకోటి తోచింది." పీట లాక్కుని కూర్చున్నారు. "నేను అనేది లేదని ముప్ఫై ఏళ్ళు వాదించేనా? ఒక అట్టముక్క వస్తే బల్ల జరుపుకున్నాను. గెడ్డం గీసుకున్నాను. వీధిలో ఎవరైనా అడుగుతారేమోనని నెమ్మదిగా నడిచేను. లేని నేను నాలుగు నెలల్లో ఎంత లావెక్కేడో చూడు. అది అబద్ధమని తెలిసేక ఏడుపొచ్చింది కూడా వాడికే. ఇంత మంచి ఉదాహరణ నాకు ఏ గ్రంథంలోనూ దొరకలేదే."

"ఏమంటున్నారు మీరు?"

"జవాబు వ్యాసం దీంతోనే మొదలుపెడతాను."

"మీకేమైనా పిచ్చా? మీ పరువు..."

"వ్యాసమే దాని గురించి."

బతిమాలేను. అలిగేను. ఆ మనిషి దగ్గర నా బేరం ఎప్పుడూ సాగలేదు, ఆ రోజూ సాగలేదు. "నువ్వని రాయను, ఇంట్లో ఒకరు అని రాస్తాను" అన్నారు చివరికి.

"అయితే పాతిక చెప్తే తొమ్మిదికి దించేరని కూడా రాయండి. లేకపోతే చదివేవాళ్ళు ఆ ఇంట్లో ఒకరికి వ్యవహారం తెలీదనుకుంటారు."

ఆయన నా వైపు చూసి పెద్దగా నవ్వేరు. ఇద్దరం వంటింట్లోనే కూర్చుని అటుకులు నానబెట్టుకు తిన్నాం.

వ్యాసం పంపేక నెల్లాళ్ళు నేను పోస్టుమేన్ సైకిలు చప్పుడుకి ఉలిక్కిపడేదాన్ని. ఇంత సిగ్గుమాలిన సంగతి మా పత్రికలో వెయ్యం అంటారేమోనని. రెండు వరసల కార్డు వచ్చింది: ఒక్క అక్షరం మార్చడం లేదు.

సంచిక అచ్చయ్యేక ఆ ప్రొఫెసరు వాళ్ళ ఊరెళ్తూ, ప్రతుల కట్ట మోసుకుని మా ఇంటికే వచ్చేడు. నేననుకున్నంత పెద్దవాడు కాదు, బక్కపల్చటి మనిషి. ప్రశ్నలు రాసిన ముగ్గురిలో అందరికన్నా గట్టిగా విమర్శించినాయన, ఈ జవాబు చదివి తన మొదటి అభ్యంతరం వెనక్కి తీసుకుంటున్నట్టు రాసిన పేజీ తీసి చూపించేడు. ఈయన అది చదువుకుని, "లేదు లేదు, ఆయన అభ్యంతరంలో కొంత నిజముంది" అని మొదలుపెట్టేరు. ఇద్దరూ వాదించుకోవడం మొదలైంది. కాఫీ రెండుసార్లు చల్లారిపోయింది. ఈయన మాట పూర్తయ్యే దాకా ఎదటి మనిషి ఆగి వినడం, విన్నాక దానికే జవాబు చెప్పడం, మా ఇంట్లో నేనంతకుముందు చూళ్ళేదు.

మూడోసారి కాఫీ ఇస్తుంటే ఆ ప్రొఫెసరు, "అమ్మా, ఫోన్లో ఎంత అని అడిగింది మీరే కదండీ?" అన్నాడు. "ఈ వ్యాసం చదివాక గానీ నాకు అర్థం కాలేదు. నేను మీరు పారితోషికం అడుగుతున్నారనుకుని రెండ్రోజులు బాధపడ్డాను."

నేను తల దించుకున్నాను. ఆయన ఊరుకోలేదు. "నాకూ అలాంటి ఉత్తరం వచ్చిందండీ. ఇరవై అయిదు వేలు. ఒక వారం జేబులో పెట్టుకు తిరిగాను కూడా. బేరం ఆడొచ్చని తెలీక మానుకున్నాను."

ఈయన నవ్వుతూనే ఉన్నారు చాలాసేపు. వీధిలో వచ్చీపోయేవాళ్ళు లోపలికి తొంగిచూసేరు, ఏమైందా అని.

ఇక ఖర్చు. ఎవరి మీదా తొయ్యకుండా, తరుగు తియ్యకుండా రాస్తున్నాను. అవార్డుకి తొమ్మిది వేలు. పార్సిలుకి నూట నలభై. గుంటూరాయనతో మాట్లాడినందుకు ముప్ఫై ఎనిమిది. డీటీపీకి ఇరవై. వండి, ఇద్దరం ముట్టకుండా పారబోసిన ఒక పూట వంకాయ కూర. ఆయన చేత ఎండలో పోనూ రానూ నడిపించిన దారి. ఇది కాక, బాగా రాసేరండీ అని నేనంటే, నిజంగానా అని ఆయన ఇప్పటికీ ఒకసారి ఆగి నా మొహం చూస్తారు. దానికి రేటు కట్టడం నాకు రాదు. ఇరవై ప్రతులు, ఆ పండితుడు వెనక్కి తీసుకున్న అభ్యంతరం, ఆ మధ్యాహ్నం మాటలు, అవి ఆయన సంపాదించుకున్నవి, వాటిని నా లెక్కలో జమ వేసుకోవడం లేదు. రూపాయల వరకు మొత్తం తొమ్మిది వేల నూట తొంభై ఎనిమిది. అన్నీ నావే.